తీరం కోలుకున్నదనేవారికి

పూరీ నుండి కోణార్కకు సముద్రం వెంబడి సాగిపోయే రహదారి పొడవు సుమారు 35 కిలోమీటర్లు. ఎత్తుపల్లాలు లేవు. ఎదురుగాలి లేని రోజున సైకిలు తొక్కేవానికి ఇంతకంటె సుఖమైన దారి తూర్పు తీరంలో దొరకడం కష్టం. శీతకాలపు ఉదయాన పూరీలో బయలుదేరినవాడు ఎండ ముదరకముందే చంద్రభాగ తీరాన కూర్చొని కొబ్బరిబోండం తాగవచ్చు. అక్కడినుండి మూడు కిలోమీటర్లు పోతే సూర్యదేవాలయం. ఈ సౌఖ్యాన్ని మరిగి, సైకిలు యాత్రలకు ఈ దారినే ఎన్నుకొనేవారు ఏటేటా కనిపిస్తున్నారు. యాత్ర చేసినవారు ఊరకుండరు, వ్రాస్తారు. వ్రాసేటప్పుడు, 2019 మే 3వ తేదీన ఈ తీరాన్ని తాకిన ఫణి తుపానును ఒకమారు తలచుకొంటారు. తలచుకొన్నవారు ఇంచుమించు ఒకే మాటతో ఆ ప్రస్తావన ముగిస్తారు: తీరం కోలుకున్నది.

ఆ మాట అబద్ధమని చెప్పడం కంటె, ఆ మాట చెప్పే అధికారం వారికి లేదని చెప్పడం సత్యానికి దగ్గరగా ఉంటుంది. కోలుకున్నానని రోగి చెప్పవలె. చూడవచ్చిన చుట్టం చెప్పరాదు. చుట్టం వచ్చే వేళకు ఇల్లు ఊడ్చి, మంచం మీద ఉతికిన దుప్పటి పరచి ఉంచుతారు. చుట్టం చూచేది ఆ దుప్పటినే. రోగి వీపు మీది పుండు దుప్పటి క్రిందనే ఉంటుంది.

రహదారికి ఒక స్వభావమున్నది. ఎంతటి ఉత్పాతం వచ్చినా మొట్టమొదట బాగుపడేది అదే. అడ్డంగా పడిన చెట్లను నరికి తొలగించనిదే బియ్యపు బస్తా రాదు, వైద్యుడు రాడు, మంత్రీ రాడు. కనుక అందరి దృష్టీ ముందుగా దాని మీదనే పడుతుంది. పడడం తప్పు కాదు, అవసరం. రహదారి తరువాత రైలు స్టేషను, స్టేషను తరువాత హోటళ్లు. యాత్రికుడు దిగేది స్టేషనులో, పండుకొనేది హోటలులో, తిరిగేది రహదారి మీద. ఊరిలో అన్నిటికంటె ముందు బాగుపడిన ఈ మూడింటిని చూచి, ఊరు బాగుపడినదని అతడు నిర్ణయిస్తాడు. అతని నిజాయితీని శంకించనక్కరలేదు. కన్ను చూచినదే అతడు చెప్తున్నాడు. కాని కన్నును ఎక్కడ త్రిప్పవలెనో ఎవరు నిర్ణయించినారన్నదే ఇక్కడి వివాదం.

ఆనాడు జరిగినదేమో కొంచెం జ్ఞాపకం చేయవలె. ఫణి అన్న పేరు బంగ్లాదేశ్ సూచించినది. పాము అని అర్థం తెలుగు పాఠకునికి వేరుగా చెప్పనక్కరలేదు. ఒడిశా తీరానికి పెద్ద తుపానులు సాధారణంగా అక్టోబరు, నవంబరు నెలలలో వస్తాయి. ఇది నడివేసవిలో వచ్చినది. ఉదయం 8 గంటలకు, 10 గంటలకు నడుమ పూరీ సమీపాన తీరం దాటినది. గాలివేగం గంటకు 175 కిలోమీటర్లకు తక్కువ లేదని, ఉండి ఉండి 205 కిలోమీటర్ల దాక విజృంభించినదని వాతావరణ శాఖ చెప్పిన లెక్క. పూరీ స్టేషను కప్పు లేచిపోయినది. విద్యుత్తు స్తంభాలు లక్షకు మించి కూలినవి. నగరంలో అందరి ఇండ్లకూ దీపాలు తిరిగి వెలగడానికి వారాలు పట్టినది. ఒడిశా మే నెల ఎండలో విసనకఱ్ఱ తప్ప వేరు ఆధారం లేకుండ, మంచినీటి పంపులు ఆడకుండ, ఇంటి కప్పు లేకుండ గడిపిన ఆ వారాలను డిసెంబరు యాత్రికుడు ఊహించడం కష్టమే.

ఇక్కడ న్యాయంగా ఒప్పుకోవలసినది ఒకటున్నది. 1999 అక్టోబరు 29వ తేదీన పారాదీప్ ప్రాంతాన్ని తాకిన పెనుతుపానులో దాదాపు పదివేల మంది చనిపోయినారు. వారిలో అత్యధికులు జగత్సింగ్‌పూర్ జిల్లావారు. ఆనాడు ప్రజలు పోయి తల దాచుకొనేందుకు చాలినన్ని గట్టి కట్టడాలు లేవు. ఆ ఘోరం నుండి ఒడిశా నేర్చుకొన్నది. విపత్తుల కొరకే ఒక ప్రత్యేక సంస్థను ఆ సంవత్సరమే నెలకొల్పినది. తరువాతి ఇరవై ఏండ్లలో తీరం పొడుగునా ఎనిమిది వందలకు పైగా ఆశ్రయ భవనాలు లేచినవి. ఏ ఊరివారు ఏ భవనానికి పోవలె, ముసలివారిని ఎవరు మోయవలె, పశువుల త్రాళ్లు ఎవరు విప్పవలె అన్నది ముందుగానే అభ్యాసం చేయించినారు. ఫణి వచ్చినప్పుడు రెండు రోజులలో దాదాపు 12 లక్షల మందిని తరలించినారు. ఒడిశాలో చనిపోయినవారు 64 మంది. పదివేలు అరవై నాలుగు కావడం ఏ దేశమైనా గర్వించదగిన పని. దానిని తక్కువ చేసి మాట్లాడేవాడు కృతఘ్నుడు.

ఐతే ఈ విజయమే తరువాతి వైఫల్యానికి తెరగా ఉపయోగపడుతున్నది. చావుల లెక్క తక్కువగా తేలగానే తుపాను కథ ముగిసినదని అందరూ లేచి వెళ్లిపోయినారు. ఆశ్రయ భవనంలో బ్రతికి బయటపడినవాడు మరునాడు తిరిగి ఎక్కడికి పోయినాడని అడిగేవారు తక్కువైనారు. ప్రాణం దక్కినది, సంతోషం. ఆ ప్రాణాన్ని ఏ కప్పు క్రింద నిలుపుకోవలె? ఏ పడవ మీద పోషించుకోవలె? 1999లో ఈ ప్రశ్న చచ్చినవారి శోకంలో మునిగిపోయినది. 2019లో బ్రతికినవారి అభినందనలో మునిగిపోయినది.

ఆహార భద్రతా చట్టం క్రిందికి వచ్చే కుటుంబాలకు, పూరీ జిల్లాలో, 50 కిలోల బియ్యమూ, 2,000 రూపాయలూ, పాలిథీన్ పట్టా ప్రకటించినారు. అది తక్షణ సహాయం. తరువాత వచ్చేది నష్టపరిహారం. దానికి ఆధారం కేంద్రప్రభుత్వం 2015–20 సంవత్సరాలకు నిర్ణయించిన ఒక పట్టిక. రాష్ట్రాలు తమ బొక్కసం నుండి కొంత చేర్చవచ్చును గాని, లెక్క మొదలయ్యేది ఈ పట్టికతోనే. తీరపు గ్రామాల గతిని నిర్ణయించే గ్రంథం ఇదే అయినా, సముద్రాన్నీ సూర్యోదయాన్నీ పేజీల కొద్దీ వర్ణించే యాత్రికులు దీనిని చదివిన జాడ వారి వ్రాతలలో కనబడదు. చదువదగినదే. మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిన ఇంటికి 95,100 రూపాయలు. గుడిసెకు 4,100. గుడిసె అనగా నేమి? గడ్డి, మట్టి, ప్లాస్టిక్ పట్టలు మొదలైన వాటితో కట్టుకొన్న తాత్కాలిక నివాసం, కచ్చా ఇంటికంటె తక్కువది అని పట్టికయే నిర్వచనం చెప్తుంది. గాలి ఒకటే, రాత్రి తలదాచుకొనే అవసరం ఒకటే, కాపురం ఒకటే. పద్దు మారగానే విలువ ఇరవై మూడవ వంతుకు దిగిపోయినది. ఎవరి గోడ ఏ పద్దులోకి పోవలెనో నిర్ణయించేది తుపాను తరువాత చేత పుస్తకం పట్టుకొని వచ్చే ఉద్యోగి. అతడు వచ్చే నాటికి గోడ లేదు. లేని గోడ మట్టిదా, ఇటుకదా అని కొలవవలసి ఉంటుంది.

పట్టిక అక్కడితో ఆగలేదు. పూర్తిగా నాశనమైన పడవకు 9,600 రూపాయలు. వలకు 2,600. ఇంజనుతో కూడిన ఫైబరు పడవ వెల నేడు లక్షలలో ఉన్న మాట ఒడ్డున ఎవరిని అడిగినా చెప్తారు. ఇక తోటలు. ఏండ్ల తరబడి ఫలించే పంటలకు హెక్టారుకు 18,000 రూపాయలు, అది కూడ రెండు హెక్టార్లకు మించకుండ. హెక్టారులో కొబ్బరిచెట్లు సుమారు 175 పడతాయి. భాగించి చూచుకొంటే చెట్టుకు 103 రూపాయలు. ఆరేడేండ్లు పెంచితేగాని గెల వేయని చెట్టుకు, గెల వేయడం మొదలిడితే అరవై ఏండ్లు ఇంటిని పోషించగల చెట్టుకు, ఇది వెల! చంద్రభాగ ఒడ్డున నాలుగు బోండాలు తాగిన యాత్రికుడు దానికంటె ఎక్కువే చెల్లిస్తాడు.

పట్టికను తరువాత సవరించినారు. 2022 నుండి ఇంటికి 1,20,000, గుడిసెకు 8,000. ఇరవై మూడు రెట్ల తేడా పదిహేను రెట్లకు తగ్గినది. తగ్గడాన్ని కాదనడం లేదు. ఆ రెండు పద్దుల నడుమ గోడ మాత్రం ఏ తుపానుకూ కూలకుండ నిలిచి ఉన్నది.

ఈ పద్దుల తేడా కంటితో చూడవలెనంటే దూరం పోనక్కరలేదు. కోణార్క దారి పట్టేవాడు పూరీ పొలిమేరలోనే పెంఠకటాను కుడివైపున విడిచి ముందుకు పోతాడు. పూరీలోని పెద్ద మత్స్యకారుల వాడ అది. ఇసుక మీద ఒకదానికొకటి ఆనుకొన్న ఇండ్లు, వాటి ముందర పడవలు, ఎండుచేపల వాసన. సైకిలు యాత్రికుడు ఇక్కడ సాధారణంగా వేగం పెంచుతాడు. తెలుగు పాఠకుడు మాత్రం ఆగవలసిన స్థలమిది. ఈ వాడలో ఇంటింటా వినిపించేది తెలుగు. కళింగాంధ్ర తీరం నుండి తరాల క్రిందట వలస వచ్చి, తెప్పలతోను వలలతోను ఇక్కడ స్థిరపడిన వాడబలిజలు మొదలైన మత్స్యకారులు వీరు. ఒరియా వారు వీరిని నోళియాలంటారు. జగన్నాథుని దర్శనానికి పోయి, మహోదధిలో స్నానం చేసి వచ్చిన తెలుగువారు తరతరాలుగా చెప్పుకొనే ముచ్చట ఒకటున్నది: తలపై కూచి టోపీ పెట్టుకొని, చేయి పట్టుకొని అలలలో ముంచి తేల్చినవాడు ఉన్నట్టుండి తెలుగులో పలుకరించినాడని. ఆ ముచ్చట అక్కడితో ఆగిపోయినది. చేయి పట్టినవాని ఇల్లు ఏదని ఎవరూ అడిగినట్లు లేదు.

ఫణికి ఏడు నెలల ముందు, 2018 అక్టోబరు 11వ తేదీన, తిత్లీ తుపాను పలాస ప్రాంతాన తీరం దాటి ఉద్దానం కొబ్బరినీ జీడిమామిడినీ నేలకూల్చినది. ఒక ఏడాది తిరగకముందే పెద్దలు విడిచివచ్చిన తీరమూ, బిడ్డలు వచ్చి చేరిన తీరమూ రెండూ దెబ్బతిన్నవి. తెలుగు పత్రికలు ఉద్దానాన్ని గూర్చి వ్రాసినవి. పెంఠకటా వేరొక రాష్ట్రంలో ఉన్నది. రాష్ట్రపు సరిహద్దు గాలికి తెలియదు గాని జాలికి తెలుసు.

పూరీ దాటిన తరువాత దారికి ఇరుప్రక్కలా బాలుఖండ్–కోణార్క అభయారణ్యం. నూఆనై ఏరు దాటి, బాలిఘాయి దాటి, కుశభద్రా నది సముద్రంలో కలిసేచోట రామచండీ గుడి వరకు ఈ పచ్చదనమే దారి అందమని అందరూ మెచ్చుకొనేది. ఇందులో అధికం సరుగుడు, జీడిమామిడి. ఫణి మరునాడు ఈ అడవి కోత ముగిసిన చేనివలె మోళ్లతో నిలిచినది. నేడు సైకిలు మీద పోయేవానికి మళ్లీ పచ్చగా కనిపిస్తున్నది. కోలుకున్నదనే వాదానికి అతడు చూపే ప్రబల సాక్ష్యం ఇదే. సాక్షిని కొంచెం ప్రశ్నించవలె.

సరుగుడు ఆస్ట్రేలియా, ఆగ్నేయాసియా తీరాల చెట్టు. మన ఇసుకలో త్వరగా పెరుగుతుంది, వంటచెరకు ఇస్తుంది, గాలిని కొంత ఆపుతుంది. ఆ గుణాలు కాదనరానివి. కాని దాని నీడన, రాలిన ఆకుపొరల క్రింద, ఇసుక దిబ్బను అంటిపెట్టుకొని నిలిపే తీగలూ గడ్డీ బ్రతకడం కష్టం. ఇసుకదిబ్బ తీరానికి మొదటి గోడ. దానిని చదును చేసి సరుగుడు నాటడం కోటగోడ పడగొట్టి కంచె వేయడం వంటిది. తీరపు అసలు పంట వేరు: మొగలి, పొన్న, ఇసుక తీగలు, నదీముఖాలలో మడచెట్లు. ఇవి మెల్లగా పెరుగుతాయి, దారినపోయేవానికి చూడముచ్చటగా ఉండవు. త్వరగా పచ్చబడవలెనన్న ఆతురతలో మళ్లీ సరుగుడునే ఎన్నుకొంటే, రహదారి మీదివాని కన్ను కొరకు అడవిని పెంచినట్లవుతుంది. అడవి వెనుక ఊళ్లలో పొయ్యిలోకి పుల్లలు ఏరుకొనే స్త్రీని అడిగితే, తుపాను పడగొట్టిన కట్టె ఎన్నాళ్లు వచ్చినది, ఆ తరువాత ఎంతదూరం నడవవలసివచ్చినది అన్న లెక్క వేరుగా చెప్తుంది. ఆ అడవి వెనుక ఊళ్లు రహదారి నుండి కనిపించవు.

సముద్రం కనిపించని చోట్ల జరిగిన నష్టానికి యాత్రికుల వ్రాతలలో అసలే చోటు లేదు. భార్గవీ నది దగ్గర రఘురాజపురం పట్టచిత్రకారుల ఊరు. పూరీ నుండి సైకిలు మీద గంట ప్రయాణం కూడ కాదు. బట్ట మీద బట్ట అతికి, చింతగింజల జిగురూ సుద్దపొడీ పట్టించి, రాతితో నునుపుచేసి, దానిమీద జగన్నాథుని బొమ్మ వ్రాసే ఇండ్లవి. ఇంట్లో దాచి ఉంచిన పటాలే ఆ కుటుంబాల నిలువ ధనం. కప్పులు లేచిపోయి వాన లోపలికి దిగగా తడిసిపోయినది ఆ ధనమే. తడిసిన పటానికి పట్టికలో పద్దు ఎక్కడున్నదో చూడండి. పనిముట్లకూ నిలువ సరుకుకూ చేతిపనివారికి కొన్ని వేల రూపాయలు ఇచ్చే నిబంధన ఒకటున్నది. ఆరు నెలలు కూర్చొని వ్రాసిన పటం ఆ నిబంధనలో కుండతోను మగ్గంతోను సమానమైన ఒక వస్తువు మాత్రమే. ఆకుతోటల సంగతీ అంతే. వెదురూ గడ్డీ పెట్టి పందిరి వేసి, లోపల నీడలో తమలపాకు పెంచే రైతు మడి చిన్నది. చాలచోట్ల నేల అతనిది కాదు. పత్రం ఎవరి పేరనున్నదో పరిహారం వారి పేరనే పోతుంది.

ఇంతకూ, యాత్రికులను నిందించి ఏమి ప్రయోజనమని అడిగేవారున్నారు. యాత్రికుడు రాకపోతే పూరీ బ్రతుకదు. అతడు కొన్న బోండం, ఎక్కిన ఆటో, పడుకొన్న మంచం ఎవరికో ఒకరికి అన్నం పెట్టినది. తీరం ఇంకా కోలుకోలేదని వ్రాస్తే వచ్చేవాడు కూడ మానుకొంటాడు; అప్పుడు నష్టపోయేది మీరు జాలిపడుతున్న ఆ పేదలే గదా? ఇది త్రోసివేయదగిన వాదం కాదు. 2020 మార్చిలో దేశమంతా మూతపడి, జగన్నాథుని గుడి తొమ్మిది నెలలు భక్తులకు తెరువకుండ ఉన్నప్పుడు, ఫణి తరువాత పదకొండు నెలలైనా నిండని పూరీ ఏమైనదో చూచినవారికి ఈ వాదం బలం తెలుసు. అప్పు చేసి కప్పు వేసుకొన్నవానికి ఆ అప్పు తీర్చే దారి మూతపడినది. యాత్రికుడు రావలె. నిండుగా రావలె.

కాని రావడం వేరు, వచ్చి తీర్పు చెప్పడం వేరు. అన్నం పెట్టినవానికి ఆకలి తీరినదని చెప్పే హక్కు దానంతట అదే రాదు. 2020 అక్టోబరులో పూరీ గోల్డెన్ బీచికి పరిశుభ్రతకూ భద్రతకూ ఇచ్చే నీలి జెండా గుర్తింపు వచ్చినది. ఫణి తరువాత పదిహేడు నెలలు. ఇసుకను జల్లించి శుభ్రం చేసిన ఆ మేర చూడచక్కనిదే. దాని నిర్వాహకుల కృషి మెచ్చుకోదగినదే. అదే ఒడ్డున కొంత దూరం నడిస్తే పెంఠకటా. రెండూ ఒకే సముద్రం ఒడ్డు, ఒకే పురపాలక నగరం. జెండా ఒక కొన మీద ఎగురుతూ ఉంటే, తీరం కోలుకున్నదన్న మాటలోని తీరం ఏ కొన?

ఈ ప్రశ్నకు చట్టం ఇచ్చే సమాధానం కూడ ఒకటున్నది. తీరప్రాంతంలో కట్టడాలను నియంత్రించే మొదటి ప్రకటన 1991లో వచ్చినది, 2011లో మారినది, 2019 జనవరి 18వ తేదీన మళ్లీ మారినది. ఫణికి మూడున్నర నెలల ముందన్నమాట. ఈ కడపటి మార్పులో, చదరపు కిలోమీటరుకు 2,161 మందికి మించి జనం ఉన్న తీరపు గ్రామీణ ప్రాంతాలలో, నిర్మాణాలు నిషిద్ధమైన మేర పోటు రేఖ నుండి 200 మీటర్లు ఉన్నదల్లా 50 మీటర్లకు తగ్గినది. జనం ఎక్కువగా ఉన్నచోట సముద్రానికి ఎక్కువ దగ్గరగా కట్టవచ్చునన్నమాట! బెస్తవారికి ఇండ్లు కట్టుకొనే వీలు కలిగించడానికని దీనికి సమర్థన చెప్పినారు. ఆ వీలు వారికి అవసరమే. అదే ప్రకటన, నీటి అంచుకు పది మీటర్లు విడిచి, యాత్రికుల కొరకు తాత్కాలిక కట్టడాలకూ తలుపు తెరిచినది. బెస్తవాని గుడిసె తాత్కాలికం కనుక 4,100 రూపాయలది. యాత్రికుని పాక తాత్కాలికం కనుక అనుమతింపదగినది. ఒకే మాట ఒకనికి తగ్గింపు, మరొకనికి సౌకర్యం. తాత్కాలికమన్న మాటకు ఇంత వ్యాకరణం ఉన్నదని ఏ వైయాకరణుడూ చెప్పలేదు.

ఇక యాత్రాకథలలో పరిపాటిగా కనిపించే మరొక ప్రశంస: ఇక్కడి ప్రజల గుండెధైర్యం. ఎంత దెబ్బ తగిలినా చిరునవ్వు చెదరదట. వల బాగుచేసుకొంటున్న ముసలివాడు టీ ఇచ్చినాడట. ఇచ్చే ఉంటాడు, ఇంటికి వచ్చినవానికి ఆ మాత్రం మర్యాద చేయడం అక్కడివారి ఆచారం. ఆ మర్యాదను కోలుకొన్నందుకు రుజువుగా వ్రాయడం అతిథి చేయదగిన పని కాదు. ధైర్యాన్ని పొగడడం పైకి గౌరవంగా కనిపిస్తుంది. లోపల దాని పని వేరు. ధైర్యవంతునికి గోడ కట్టి ఇవ్వనక్కరలేదు, అతడే కట్టుకొంటాడు. సహనశీలునికి పడవ ధర పూర్తిగా చెల్లించనక్కరలేదు, అతడే సర్దుకొంటాడు. ఈ పొగడ్త విన్న ప్రభుత్వానికి, ఏ ప్రభుత్వానికైనా సరే, ఎంత ఊరట! నవ్వుతున్నవాడు అర్జీ పెట్టుకోడని వారి నమ్మకం. పూరీలోనే ఒక మాట గుర్తుంచుకోవలె: ఫణికి ముందు కూడ ఈ వాడలలో అప్పు ఉన్నది, కారుతున్న కప్పు ఉన్నది. తుపాను వచ్చి పోయిన తరువాత వారు తిరిగి చేరుకొన్నది ఆ స్థితికే ఐతే, కోలుకోవడమన్న మాటకు అర్థం పాత దారిద్ర్యానికి క్షేమంగా తిరిగి రావడమా?

అసలు కోలుకోని ఊరు కూడ యాత్రాస్థలం కాగలదని తెలిసికొనడానికి దక్షిణాన ధనుష్కోడి ఉన్నది. 1964 డిసెంబరు 22, 23 తేదీల నడిరాత్రి సముద్రం ఆ ఊరిని మింగినది. పాంబన్ నుండి వస్తున్న రైలు ప్రయాణికులతో సహా మునిగిపోయినది. ఊరు నివాసయోగ్యం కాదని ప్రభుత్వం ప్రకటించి చేతులు కడుగుకొన్నది. 2017లో అరిచల్‌మునై వరకు చక్కని రహదారి వేసినారు. నేడు సైకిలు మీద ఆ కొనదాక పోయి, రెండు సముద్రాలు కలిసేచోట నిలబడి రావచ్చు. దారి ప్రక్క కూలిన చర్చి గోడలు, స్టేషను మొండిగోడలు చిత్రాలలో అందంగా పడతాయి. ఆ శిథిలాల నడుమ కాపురముంటున్న కొద్ది బెస్తకుటుంబాలు గవ్వలూ చేపలూ అమ్ముకొంటాయి. అర్ధశతాబ్ది తరువాతనైనా ఆ ఊరికి తిరిగి వచ్చినది రహదారి ఒక్కటే. ఇండ్లకు రాలేదు, బడికి రాలేదు, చూడవచ్చేవారికి వచ్చినది. పూరీ ధనుష్కోడి కాదు. దానికి జగన్నాథుడున్నాడు, నగరమున్నది, రాజకీయ బలమున్నది. ఐనా ఎవరి కొరకు ముందు దారి వేస్తారన్న విషయంలో రెండు తీరాలకూ పోలిక లేకపోలేదు.

సైకిలు దోషం ఇందులో లేదు. తీరాన్ని చూడడానికి దానికంటె మంచి వాహనం లేదు. కారులో పోయేవానికి అద్దం అడ్డం, బస్సులో పోయేవానికి వేళ అడ్డం. సైకిలు మీదివాడు ఎక్కడ కావలెనంటే అక్కడ కాలు క్రింద పెట్టగలడు. చిక్కేమనగా, అతడు కాలు క్రింద పెట్టే చోట్లు ముందుగానే నిర్ణయమై ఉన్నవి: రామచండీ, చంద్రభాగ, సూర్యదేవాలయం. ఒక్కమారు డిసెంబరు విడిచి మే నెలలో రావలె. తెల్లవారుజామున కాక మధ్యాహ్నం బయలుదేరవలె. పొలిమేరలో వేగం పెంచకుండ దిగి, సైకిలు చేత పట్టుకొని, పెంఠకటా సందులలో నడవవలె. అతడు తెలుగువాడైతే భాషకు కూడ ఇబ్బంది లేదు. ఏదో ఒక గడపలో వల అల్లుతున్న మనిషి కనిపిస్తాడు. ధైర్యాన్ని గూర్చి గాని, సముద్రాన్ని గూర్చి గాని అడుగనక్కరలేదు. ఒక్క ప్రశ్న చాలును: ఫణి తరువాత పుస్తకం పట్టుకొని వచ్చినవారు ఈ ఇంటిని ఏమని వ్రాసుకొని పోయినారు, ఇల్లు అనియా, గుడిసె అనియా?